సలాడ్‌లోకి ఏ డ్రెస్సింగ్ మంచిది? సీసాని తూకం వేశాక నాకు తెలిసింది

మీ ప్రశ్న ఇదీ: ఒళ్ళు తగ్గాలని రాత్రిపూట సలాడ్ మొదలుపెట్టారు, ఉత్త ముక్కలు గొంతు దిగట్లేదు. రుచి కోసం ముక్కల మీద పోసుకునే డ్రెస్సింగ్‌లలో ఆరోగ్యానికి చెరుపు చేయనిది ఏది, సూపర్‌మార్కెట్లో అమ్మే సీసాలు కొనొచ్చా అని అడిగారు. మూడేళ్ళ క్రితం నేనూ సరిగ్గా ఇక్కడే బోర్లా పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది విజయవాడ. నాది బ్యాంకు ఉద్యోగం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. అప్పటికి నాకు 46 ఏళ్ళు. మా వారికి బీపీ ఉంది. రాత్రి అన్నం తగ్గించి కూరగాయలు పెంచమని డాక్టరుగారు చెప్పిన మర్నాడే కీరా, క్యారెట్, ఎర్ర క్యాబేజీ, లెట్యూస్ తెచ్చాను. వాటితోపాటు తెల్లగా, చిక్కగా ఉండే డ్రెస్సింగ్ సీసా ఒకటి. అది పోసుకుంటే గడ్డి అయినా తినొచ్చు, అంత రుచి. రెండు నెలలు రాత్రిళ్ళు అన్నం ముట్టలేదు. మూడో నెలలో మిషన్ ఎక్కితే కిలో పెరిగాను. మిషన్ పాడైందేమోనని మా వారు కూడా ఎక్కి చూశారు. అది బాగానే ఉంది.

గుట్టు విప్పింది మా అమ్మాయి. కేకులు చేసుకోవడానికి తను కొనుక్కున్న చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉంది. దాని మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, "రోజూ పోసుకున్నట్టే పొయ్యమ్మా" అంది. పోశాను. 62 గ్రాములు. సీసా వెనక ఒక సర్వింగ్ అంటే 15 గ్రాములని రాసుంది. నేను పోసుకుంటున్నది నలుగురి వాటా. ఆ సీసాలో 100 గ్రాములకు 430 కేలరీలు, అంటే నా గిన్నెలోకి దాదాపు 265 వచ్చి పడుతున్నాయి. 200 గ్రాముల వండిన అన్నంలో ఉండేవీ ఇంచుమించు అన్నే. మానేశాననుకున్న అన్నాన్ని రోజూ సీసాలోంచి మళ్ళీ పోసుకుంటున్నానన్నమాట.

మా వారి సంగతి ఇంకా ఘోరం. అదే లేబుల్ మీద 100 గ్రాములకు 900 మిల్లీగ్రాముల సోడియం. ఆయనా నా అంతే పోసుకునేవారు. అంటే 550 మిల్లీగ్రాముల పైమాటే. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని, అంటే సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో ఉప్పు తగ్గించి వండుతున్నానని నేను మురిసిపోతుంటే, రోజు కోటాలో పావు వంతుకి పైగా ఆకుల మీదే పోతోంది.

అందుకే ఏది మంచిదో చెప్పేముందు ఒక మాట. ఇంట్లో చేసుకున్నా, కొనుక్కున్నా సీసా వంచి పోయకండి. చెంచాతో కొలిచి వేసుకోండి. నా బరువు కదలడం ఆ రోజు నుంచే మొదలైంది.

దెబ్బ తిన్నాక నూనె పేరెత్తితేనే భయం పట్టుకుంది నాకు. ఒక నెల ఉత్త నిమ్మరసం, మిరియాల పొడితో లాగించాను. అదీ తప్పేనట. క్యారెట్‌లో, టమాటాలో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ లాంటి పోషకాలు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. అదీగాక నూనె చుక్క లేని సలాడ్ తిన్న గంటకే ఆకలేసి జంతికల డబ్బా దగ్గర తేలేదాన్ని. ఏ నూనె అయినా పెద్ద చెంచాడు 14 గ్రాములు, 120 కేలరీలు. ఆలివ్ నూనెలో తక్కువ, పల్లీ నూనెలో ఎక్కువ అని ఏమీ లేదు. మనిషికి ఒకటీ రెండు టీస్పూన్లు పడితే చాలు.

ఇప్పుడు మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు చేసేది చెప్తాను. ఫ్రెంచి పద్ధతిలో మూడు వంతుల నూనెకి ఒక వంతు వెనిగర్ అంటారు. పులుపు తిని పెరిగిన మన నాలుకలకి అది జిడ్డుగా ఉంటుంది. నేను సమానంగా వేస్తాను. నలుగురికైతే రెండు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, పావు టీస్పూను ఉప్పు, నలక్కొట్టిన మిరియాలు, పులుపు విరగడానికి చిన్న బెల్లం పలుకు. ఇవన్నీ ఖాళీ జామ్ సీసాలో పోసి మూత బిగించి గిలకొట్టడమే. మనిషికి 60, 65 కేలరీలు దాటదు.

అయితే నూనె, నిమ్మరసం అత్తాకోడళ్ళ లాంటివి. గిలకొట్టినంతసేపే కలిసుంటాయి, సీసా కింద పెట్టగానే ఎవరి దారి వారిది. వాటిని పట్టి ఉంచేది ఆవ. దీనికోసం మస్టర్డ్ సాస్ కొనక్కర్లేదు. అర టీస్పూను ఆవాల్ని పొడి చేసి రెండు చెంచాల చన్నీళ్ళతో కలిపి పది నిమిషాలు వదిలేయండి. మొదట ఏ వాసనా ఉండదు. పొడి చేసి వాసన చూసి, పాత ఆవాలనుకుని పారేయబోయాను ఒకసారి. పది నిమిషాలయ్యాక మూత తీస్తే ముక్కు పగిలిపోయింది. ఆ ఘాటు గింజలో తయారుగా ఉండదు, నలిగి నీళ్ళు తగిలాకే పుడుతుంది. నిమ్మరసం ముందే పోస్తే సరిగ్గా పుట్టదు, వేడి తగిలితే పోతుంది. పనసపొట్టు కూరలో పొయ్యి కట్టేశాకే ఆవ కలపడం ఇందుకేనని నాకు సలాడ్ చేస్తే గానీ అర్థం కాలేదు! ఘాటు వచ్చాక నిమ్మరసం, ఆ తర్వాత నూనె, ఆ వరసలో వేయండి. లేత పసుపు రంగులో చిక్కగా వస్తుంది, అరగంట దాకా విడిపోదు.

ఏ నూనె అని తప్పకుండా అడుగుతారు. ఆకులకి ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రిఫైన్ చేయని ఆలివ్ నూనె బాగుంటుంది, కాదనను. కానీ మిక్సీలో మాత్రం తిప్పకండి, చేదెక్కుతుంది. సీసా మీద 'పోమేస్' అని ఉంటే సలాడ్ కోసం కొనొద్దు. అది పిండగా మిగిలిన పిప్పి నుంచి తీసి రిఫైన్ చేసినది, ఆలివ్ రుచేమీ మిగలదు. క్యాబేజీ, ముల్లంగి, ఉల్లికాడలకి నా ఓటు గానుగ నువ్వుల నూనెకే. దాని వాసన ముందు ఆలివ్ తేలిపోతుంది. కొబ్బరినూనె మాత్రం నాకు పడలేదు, ఫ్రిజ్‌లోంచి తీసిన కీరా తగలగానే మైనంలా పేరుకుంది.

మయోనైజ్ లాంటి చిక్కదనం లేకపోతే పిల్లలు తినరు అనుకుంటే పెరుగు వాడండి. పల్చటి గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తే వెన్నలా తయారవుతుంది. కారిన నీళ్ళు చపాతీ పిండిలోకి. ఆ పెరుగులో చిన్న వెల్లుల్లి రెబ్బ తురుము, కొత్తిమీర, పచ్చిమిర్చి, వేయించి దంచిన జీలకర్ర వేస్తే చాలు. మా అత్తగారు రుచి చూసి, "పెరుగు పచ్చడికి పోపు మర్చిపోయావమ్మా" అన్నారు. మర్నాడు టీస్పూను నూనెలో ఆవాలు, ఇంగువ పోపు పెట్టాను, ఆవిడే గెలిచారు. కీరాకి, ఉడికించిన బీట్‌రూట్‌కి, సెనగలకి దీన్ని మించింది లేదు. ఉప్పు మాత్రం తినే ముందే. ఉప్పు పడగానే కీరా నీరు వదిలేసి ఆ చిక్కదనమంతా చెరువైపోతుంది.

నువ్వులు దోరగా వేయించి, నిమ్మరసం, కాసిని నీళ్ళు పోసి మెత్తగా రుబ్బుకునే పద్ధతి ఇంకోటి ఉంది. అరబ్బు దేశాల్లో తహిని అనేది దీనికి దగ్గర చుట్టమే. పల్లీలతోనూ చేయొచ్చు. క్యాబేజీకి అద్భుతంగా ఉంటుంది. నువ్వులు బలమే కదా అని గరిటెలతో వేసుకోకండి. నువ్వులైనా, పల్లీలైనా 100 గ్రాములకు 560 కేలరీల పైనే.

ఇక బజారు సీసాలు. పూర్తిగా మానేయమని నేననను, ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరే రోజులు నాకూ ఉన్నాయి. ముందువైపు రాసింది చదవకండి, సీసా తిప్పండి. కలిపినవి ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ దానికి వరసగా రాస్తారు. మొదటి మూడింట్లో పంచదార ఉంటే నేను వెనక్కి పెట్టేస్తాను. కేలరీలు, సోడియం 100 గ్రాముల లెక్కలో చూడండి. సర్వింగ్ లెక్క ఎప్పుడూ ముద్దొచ్చేలాగే ఉంటుంది. 'నో కొలెస్ట్రాల్' అని పెద్దక్షరాల్లో ఉంటే నవ్వుకోండి, గింజల నూనెల్లో కొలెస్ట్రాల్ ఉండదు. 'ఫ్యాట్ ఫ్రీ' అంటే ఆ లోటుని చాలాసార్లు పంచదారతో, పిండిపదార్థంతో పూడుస్తారు. జాంతన్ గమ్ పేరు చూసి మాత్రం బెదరక్కర్లేదు, చిక్కదనం కోసం వేసేది చిటికెడే. వెనిగర్ కొంటే 'సింథటిక్' అని ఉందేమో చూడండి. అది అసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపింది. ప్రమాదం లేదు గానీ రుచి ఉత్త పులుపే. దానికన్నా మన నిమ్మకాయ నయం.

పచ్చిగుడ్డుతో ఇంట్లో మయోనైజ్ చేసే ఆలోచన ఉంటే వద్దనే చెప్తాను. హైదరాబాద్‌లో జనం జబ్బు పడ్డాక 2024 అక్టోబరు ఆఖర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. అలాగే పచ్చి వెల్లుల్లిని నూనెలో నానబెట్టి గట్టు మీద రోజుల తరబడి ఉంచకండి. గాలి తగలని నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిములు పెరగొచ్చు, వాసనకి తెలియదు. వెల్లుల్లి వేసినవి ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు మూడు రోజుల్లో అవగొట్టండి. బీపీ ఉంది కదా అని 'లో సోడియం' ఉప్పుకి మారాలనుకుంటే ముందు డాక్టరుగారిని అడగండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకీ అది మంచిది కాదు. మా వారిని ఆ కారణంగానే వద్దన్నారు.

కలిపే తీరు కూడా చెప్పి ఆపుతాను. ఆకులు కడిగాక పాత నూలు చీర ముక్కలో మూటగట్టి గట్టిగా విదిలించండి. తడి ఆకుకి నూనె అంటదు, గిన్నె అడుక్కి జారిపోతుంది, ఇంకాస్త పోయాలనిపిస్తుంది. వెడల్పాటి బేసిన్‌లో వేసి చేత్తో కలిపితే చెంచాడు డ్రెస్సింగే అన్ని ఆకులకీ మెరుపు పట్టిస్తుంది. ఆఫీసుకి పట్టుకెళ్తే డ్రెస్సింగ్ విడిగా తీసుకెళ్ళండి. పొద్దున్నే కలిపితే మధ్యాహ్నానికి లెట్యూస్ వడిలి తడిగుడ్డలా ఉంటుంది. నేను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి బ్యాగులో పడేస్తే మూత ఊడి, చెక్‌బుక్కుకి ఆవపెట్టిన కూర వాసన పట్టింది. పక్క కౌంటరు ఆవిడ "ఇవాళ కూరేంటండీ" అని అడిగింది కూడా. ఇప్పుడు మర చుట్టు మూత ఉన్న గాజు సీసా వాడుతున్నాను, దాన్ని మళ్ళీ పాలిథిన్ కవర్లో చుట్టి.