టోనర్ రాస్తే మంట, పొలుసులు

చెల్లీ, ముఖం కడిగాక రాసుకునే ఆ నీళ్లలాంటి టోనర్ రెండు పూటలా రాస్తుంటే ముఖం మండి, ముక్కు పక్కన పొలుసులు లేస్తున్నాయన్నావు కదా. ముందు సీసా వెనక చూడు. పదార్థాల్లో మొదట్లోనే ఆల్కహాల్ డినాట్ (చర్మాన్ని ఆరబెట్టే ఒక రకం ఆల్కహాల్) అని ఉంటే అనుమానం దానిమీదే. మన అనంతపురం ఎండకి, పొడిగాలికి అది అస్సలు పడదు. మంట తగ్గేదాకా టోనర్ ఆపెయ్. తర్వాత గ్లిజరిన్ ఉన్నది, సువాసన లేనిది తెచ్చుకుని, మోచేతి మడతలో రెండు మూడు రోజులు రాసి చూడు. దూదితో రుద్దొద్దు. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, కడిగిన ముఖం తడి ఆరకముందే మెల్లగా అద్ది, వెంటనే మాయిశ్చరైజర్ రాయి. పగలైతే పైన సన్‌స్క్రీన్ తప్పదు. నిజానికి టోనర్ లేకపోయినా చర్మానికి లోటేం లేదమ్మా, టెన్షన్ పడకు. వారంలో మంట తగ్గకపోతే మాత్రం చర్మ డాక్టర్‌కి చూపించు.