ఒక్కరోజులో 16 మందితో పురాతన యుద్ధాల మీనియేచర్ (చిన్న సైనిక బొమ్మలతో బోర్డు మీద ఆడే) టోర్నమెంట్ నడపాలి. మొదటిసారి. దేనికి జాగ్రత్త పడాలి?

పెన్సిల్వేనియాలో ఒక కన్వెన్షన్‌లో మూడుసార్లు నడిపాను. ఏ రూల్స్ వాడుతున్నారో మీరు చెప్పలేదు. ఒక్కరోజే అంటే నా ఓటు 1990లో వచ్చిన డీబీఏ (డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్) రూల్స్‌కే. సైన్యానికి 12 ఎలిమెంట్లు (ఒక్కో బేస్ మీద అతికించిన కొన్ని బొమ్మలు), 15 మి.మీ. బొమ్మలకు రెండడుగుల చదరపు బోర్డు చాలు, ఆట మామూలుగా గంటలో తేలిపోతుంది. గెలిచినవాళ్లను గెలిచినవాళ్లతోనే ఆడిస్తూ పోతే, డ్రాలు పడకపోతే, నాలుగో రౌండ్ అయ్యేసరికి ఓటమి లేనివాడు ఒక్కడే మిగులుతాడు.

కాగితం మీద ఇంతే. అసలు గొడవంతా గడియారంతోనే. మొదటి ఏడాది, టైం అయిపోతే ఎక్కువ ఎలిమెంట్లు చంపినవాళ్లే గెలిచినట్టు అని నేనే రాసిపెట్టాను. రెండో రౌండ్లో ఒకాయన మూడు చంపి, రెండు పోగొట్టుకున్నాడు. నాలుగోది చంపితే ఆట అయిపోయేది. అలా చేయకుండా, ప్రతి కదలికకూ స్కేలు మూడేసిసార్లు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. ఎదుటి కుర్రాడు నా వైపు చూస్తున్నాడు. నేనేమనగలను, రూలు నాదే! ఇప్పుడు టైం అయితే డ్రా, ఇద్దరికీ తక్కువ పాయింట్లు. పది నిమిషాల ముందు గట్టిగా చెప్తాను. గంట కొట్టాక ఇద్దరికీ సమానంగా టర్న్‌లు పూర్తి కావాలి.

కొండలు, అడవులు రూల్ ప్రకారం డిఫెండర్ పేర్చాలి. దానికే పావుగంట పోతుంది కాబట్టి అన్ని టేబుళ్ల మీదా ముందురోజు రాత్రే నేనే పేర్చేస్తాను. కొందరు సణుగుతారు, సణగనివ్వండి.

తగాదాలు ఎక్కువగా వచ్చేది శత్రువు ముందున్న ఒక బేస్ వెడల్పు జాగా దగ్గర. అందులో కాలు పెడితే ఇష్టమొచ్చినట్టు కదలడానికి ఉండదు. 15 మి.మీ. బొమ్మలకు ఆ వెడల్పు 40 మి.మీ. అట్టముక్కను సరిగ్గా 40 మి.మీ. చదరంగా కత్తిరించి జేబులో పెట్టుకోండి. బేస్ ముందు ఆనించి, పైనుంచి నిటారుగా చూడండి. అంచు తగిలిందా లేదా ఇద్దరికీ కనిపిస్తుంది, మీరు తీర్పు చెప్పే పనే ఉండదు.

16 మంది అంటారు, 15 మందే వస్తారు. అప్పుడు మీరు మాత్రం ఆడటానికి కూర్చోకండి. నేను కూర్చున్నాను. ప్రతి ఐదు నిమిషాలకూ ఎవరో ఒకరు పిలవడం, నేను లేవడం, నా ఎదురు ఆడినాయన గంటంతా వృథా. ఆడటం వచ్చిన స్నేహితుణ్ణి, రంగులేసిన ఒక స్పేర్ సైన్యాన్ని సిద్ధంగా ఉంచుకోండి. నాది ఏనుగులున్న హిందూ ఇండియన్ సైన్యం. ఓపెన్ టోర్నమెంట్ (ఏ కాలపు సైన్యమైనా తేవచ్చు) కాబట్టి అది ఒకసారి వైకింగుల మీదికి వెళ్లింది! ఇలాంటివి నచ్చకపోతే ఒకే కాలం పెట్టండి, రోమ్, కార్తేజ్ యుద్ధాలు (క్రీ.పూ. 264–146) లాగా. కాకపోతే సగం మందికి ఆ సైన్యాలు ఉండవు. కాలం ఏదైనా, ఆర్మీ లిస్టులు వారం ముందే తెప్పించుకోండి.

లంచ్‌కి గంట ఇస్తే సరిపోదు. తిని రావడానికి కాదు, దారిలో బొమ్మలమ్మే హాలు ఉంటుంది.