చిన్నీ, ఆ కాగితాలు పైకి చదవకు

చిన్నీ,

డిగ్రీ ఫస్టియర్ వాళ్లకి డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్లో అన్నాడు. పొంగిపోయాను. వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. 1860-61లో పత్రికలో సీరియల్‌గా వచ్చిందని చెప్పు, మన పిల్లలకి సీరియల్ అంటే చప్పున ఎక్కుతుంది. గైడు పట్టుకుని క్లాసుకి వెళ్లావో, చెవి మెలిపెడతాను.

కథానాయకుడు పిప్, కమ్మరి ఇంట్లో పెరిగే అనాథ పిల్లాడు. వాడి పసితనం పోయింది ఎక్కడంటే, సమాధుల మధ్య ఖైదీ పట్టుకున్నప్పుడేనంటారు అందరూ. నన్నడిగితే అది ఉత్త భయం. అసలు దెబ్బ పెద్దింటి పిల్ల ఎస్టెల్లా కొట్టింది. పేకాడుతూ గులాముని పెద్దింటివాళ్లలా ‘నేవ్’ అనకుండా ‘జాక్’ అన్నాడని వెక్కిరించి, మొరటు చేతులు, మోటు బూట్లు అంది. తన చేతుల్ని చూసి సిగ్గుపడాలని వాడికి అంతవరకూ తోచనే లేదు.

ఇది చెప్పిన ఏడాదే నేనో తెలివితక్కువ పని చేశాను. ‘మీకూ ఇలాంటిది జరిగిందా, రాయండి’ అన్నాను. ఒకబ్బాయి రాశాడు: వాళ్ల నాన్న రిక్షా తొక్కుకుంటూ కాలేజీ గేటు దగ్గరికి క్యారేజీ తెస్తే, ‘ఎవర్రా’ అన్న స్నేహితులతో ‘మా ఊరాయన’ అన్నాడట. ఎంత బాగా రాశాడో! మురిసిపోయి క్లాసులో పైకి చదివాను. పేరు చెప్పకపోతే చాలనుకున్నాను. రిక్షా అనగానే తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి. వాడు పుస్తకం మూసేసి, అట్టని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

మర్నాటినుంచి రాలేదు. రెండు వారాలకి టీసీ కోసం వాళ్ల నాన్న వచ్చాడు. చెప్పులు స్టాఫ్‌రూమ్ బయటే విప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టాడు, మళ్లీ చేత్తో పట్టుకున్నాడు, మళ్లీ భుజాన వేసుకున్నాడు. లండన్‌లో పిప్ గదికొచ్చిన జో, వాణ్ణి పెంచిన కమ్మరి బావ, ఎక్కడ పెట్టాలో తెలియక తన టోపీతో పడే అవస్థ ఉంది చూడు, అచ్చం అదే. ఆ ఘట్టాన్ని అప్పటిదాకా ఎంత నవ్విస్తూ చెప్పేదాన్నో!

“మావాడేమన్నా తప్పు చేశాడా మేడమ్ గారూ?” అన్నాడు.

తప్పు నాదని నోరు పెగల్లేదు. “మంచి పిల్లాడండీ” అన్నాను, అంతే.

రాయించొద్దనను. రాయించు. చదివి ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చెయ్. టోపీ దగ్గర క్లాసంతా నవ్వుతుంది, నవ్వనీ. నవ్వనిదెవరో కనిపెట్టు, కనిపెట్టినట్టు మాత్రం తెలియనీకు.

మొదటిరోజు ఆ నీలం మంగళగిరి చీర కట్టుకో. ఏదో ఒకటి తిని వెళ్లవే, ఖాళీ కడుపుతో నీకు గొంతు లేవదు.

మీ అత్త