ముందు గేటు దగ్గర నిలబడు

బుజ్జీ,

బడుల్లో ప్రమాదాలకు, విపత్తులకు ఎంత సిద్ధంగా ఉన్నారో చూసే సర్వే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వే చెప్పి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని, సరేలే. పాతబస్తీ నుంచి శేరిలింగంపల్లి దాకా తిరగాలట, అదీ ఈ వానల్లో, అని అది ఒకటే గాబరా. పైకి ధైర్యం చెప్పాను గానీ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. గర్వంగానూ ఉంది, కాదనను. ఉద్యోగమంతా సర్కారు బడుల్లోనే గడిపినదాన్ని. మా ఇంటి పిల్ల బడులకే పరీక్ష పెట్టబోతోందంటే ఎందుకుండదు?

మీ అమ్మ పంపిన నీ ఫారం చదివాను. ప్రశ్నలన్నీ ‘ఉందా, లేదా’ అనే. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉందా? ఉంది. స్కూల్ సేఫ్టీ ప్లాన్ ఉందా? ఉంది. కమిటీ ఉందా? ఉంది. ఇలా అడిగితే ఏ బడిలోనైనా అన్నీ ఉంటాయమ్మా. బీరువాలో ఫైలు ఉంటుంది, ఫైల్లో కమిటీ ఉంటుంది, కమిటీలో ఎప్పుడో బదిలీ అయిపోయిన సారు పేరు కన్వీనర్‌గా ఉంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో బడుల భద్రత మీద మంచి మార్గదర్శకాలే ఇచ్చింది. వాటిని తప్పుపట్టను. వాటిని చూసి ఫైలు తయారు చేసుకున్న బడులకీ, పిల్లల్ని తయారు చేసుకున్న బడులకీ తేడా నీ ఫారంలో తేలడం లేదు, నా గొడవ అది.

అందుకే ‘ఉందా’ అని అడగకు, ‘చూపించండి’ అను. ఎక్స్‌టింగ్విషర్ ఉందంటే అటెండర్‌ని పిలిచి గోడ మీంచి దింపమను. చాలాచోట్ల అది కంప్యూటర్ గదిలో ఉంటుంది, ఆ గదికి తాళం ఉంటుంది, తాళంచెవి సెలవులో ఉన్న టీచర్ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. దింపాక మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో, చీటీ మీద ఎప్పుడు నింపిన తేదీ ఉందో చూడు. పిన్ను ఎలా లాగాలో ఆ అటెండర్‌కి తెలుసా? అడుగు.

మెట్ల కింద తప్పకుండా వంగి చూడు. కాళ్లు విరిగిన బెంచీలు, పాత పరీక్ష పేపర్ల కట్టలు, ఎన్నికలప్పుడు మిగిలిన అట్టపెట్టెలు అన్నీ అక్కడికే చేరతాయి. చాలా బడుల్లో కరెంటు మీటరు బోర్డు కూడా సరిగ్గా అక్కడే. నిప్పు పుట్టే చోటా, అది తినే మేతా, పిల్లలు దిగాల్సిన దారీ మూడూ ఒక్క మూల. బడి మెట్లు కనీసం మీటరున్నర వెడల్పు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. టేపు పట్టుకెళ్లు. ఇళ్లను బడులుగా మార్చిన చోట ఇద్దరు పిల్లలు పక్కపక్కన దిగలేని మెట్లు చూస్తావు. పైన రేకుల షెడ్డులో క్లాసు, కింద సెల్లార్‌లో క్లాసు, మధ్యలో ఇనుప గ్రిల్లు.

రెండో గేటు చాలా బడులకు ఉంటుంది, దాదాపు అన్నిచోట్లా దానికి తాళమే. గొలుసు తుప్పు పట్టి ఉంటుంది. కారణం అడిగితే పిల్లలు పారిపోతారనో, కుక్కలు వస్తాయనో అంటారు. అబద్ధం కాదు. కానీ తాళంచెవి ఎక్కడుందని అడిగి, తెరిచే దాకా కదలకు. తెరవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయి.

తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి తగలబడిన సంగతి నీకు తెలియదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. 2004 జూలై 16. మధ్యాహ్న భోజనం వండే పాకలో మంట లేచి, పై అంతస్తులో ఆకుల కప్పుకి అంటుకుంది. ఇరుకు మెట్లు. 94 మంది పిల్లలు పోయారు. ఆ కేసు మీదే 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బడులకు అగ్ని భద్రత తప్పనిసరి అని తీర్పిచ్చింది. ఆ పిల్లలు పోయిన వారమంతా మా స్టాఫ్ రూంలో ఎవరూ సరిగా అన్నం తినలేదు. కాబట్టి హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్లే ముందే వంటగదికి వెళ్లు. వండే అక్కలతో మాట్లాడు. సిలిండర్ ఎక్కడ, పైపు ఎప్పుడు మార్చారు, మంట పైకి లేస్తే మీరేం చేస్తారు అని అడుగు. చాలాచోట్ల ఏ శిక్షణకూ వాళ్లను పిలిచినవాళ్లు ఉండరు.

ఇంకొకటి, నీ ఫారంలో అసలే లేనిది. 1995లో హర్యానాలోని డబ్వాలీలో బడి వార్షికోత్సవం పందిట్లో మంటలు లేచి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. పిల్లలు, తల్లిదండ్రులు అంతా కలిసి. బయటికి రావడానికి దారి ఒక్కటే. మన ప్రైవేటు బడులు యాన్యువల్ డే అని ఫంక్షన్ హాళ్లకు వెళ్తాయి, షామియానాలు వేస్తాయి. ఆ రోజు పిల్లలకు ఎవరు పూచీ? ఆ ప్రశ్న చేర్చు.

గల్లీ కూడా కొలువు. 2025 మే నెలలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు కదా, చిన్నపిల్లలు ఎంతమంది వాళ్లలో. ఇరుకు దారి, నిండా పొగ. యాకుత్‌పురాలోనో మొఘల్‌పురాలోనో బడికి వెళ్లినప్పుడు ఫైరింజన్ ఎక్కడి దాకా రాగలదో నడిచి చూడు. తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో చూడు. అక్కడి నుంచి బడికి ఎంత దూరమో అదీ రాయి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి మూసీకి దగ్గర్లో ఒక బస్తీలో ఉండేది. పేరెందుకులే. హెడ్‌మాస్టరు గారు మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. జూలైలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మబ్బు కమ్మేసి గదుల్లో బోర్డు కనపడలేదు. కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడుకి మేం చెప్పేది మాకే వినపడటం లేదు. ఆయన వరండాలోకి వచ్చి, “ఇంకా ముదిరితే పిల్లలు ఇళ్లకు చేరలేరమ్మా, ఇప్పుడే వదిలేద్దాం” అన్నారు. మాలో ఒక్కరికీ అది తప్పనిపించలేదు. ఇప్పటికీ ఈ ఊళ్లో వాన పట్టుకుంటే ఏ బడికైనా ముందు తోచేది అదే. లాంగ్ బెల్ కొట్టించారు. పిల్లలకేం, పండగ. పలకలు నెత్తిన పెట్టుకుని ఒకటే పరుగు.

గేటు నుంచి మెయిన్ రోడ్డుకి వెళ్లే గల్లీ పక్కనే నాలా ఉండేది. మామూలు రోజుల్లో పిల్లలు దాని గట్టు మీదే నడిచేవాళ్లు. ఆ రోజు నాలా ఏదో గల్లీ ఏదో తెలియకుండా నీళ్లు ఒక్కటైపోయాయి. లోపలున్న వాళ్లకు ఆ సంగతే తెలియదు. గేటు దాకా వెళ్లి బయట ఎలా ఉందో చూడాలని ఎవరికీ తట్టలేదు.

నాలుగు దాటాక ఒక తల్లి వచ్చింది, ముద్దగా తడిసిపోయి. ఐదో తరగతి పిల్ల ఇంకా ఇంటికి రాలేదట. “ఎప్పుడో వెళ్లిపోయిందమ్మా” అన్నారు ఎవరో. ఎవరితో వెళ్లింది? ఎటు వెళ్లింది? చెప్పేవాళ్లు లేరు. ఆమె ఏడవలేదు, అరవలేదు. హాజరు పట్టీ అడిగి తెప్పించుకుని, పొద్దున పెట్టిన టిక్కు మీద వేలు పెట్టి, “ఇందులో ఉంది కదా, మరి పిల్ల ఏదీ?” అని అడిగింది. మళ్లీ అదే అడిగింది. ఆ వేలి తడికి సిరా కాగితం మీద పాకడం నాకు ఇప్పటికీ కనపడుతుంది.

చీకటి పడ్డాక బస్తీ మగవాళ్లు వెదురు కర్రలతో నాలా వెంబడి వెతికారు. హెడ్‌మాస్టరు గారు పంచె ఎగగట్టి వాళ్లతోపాటు నీళ్లలో దిగారు. రాత్రి బాగా పొద్దుపోయాక తెలిసింది. రెండు గల్లీల అవతల కిరాణా కొట్టు ఆయన, కొట్టుకుపోయేలా ఉందని పిల్లను లోపలికి లాగి బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టాడు. నీళ్లు తగ్గేదాకా ఆయనా కదల్లేకపోయాడు. బిస్కెట్లు తిని ఆ పిల్ల అక్కడే నిద్రపోయింది.

మర్నాడు హెడ్‌మాస్టరు గారు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి గళ్లు గీశారు. పిల్ల పేరు, ఉండే గల్లీ, తీసుకెళ్లడానికి ఎవరొస్తారు, వాళ్లు రాకపోతే ఇంకెవరు. వాన రోజున సంతకం లేకుండా ఒక్కరినీ గేటు దాటనివ్వలేదు, రిటైరయ్యేదాకా.

ఆ పిల్ల బతికింది కాబట్టి ఆ రోజు సంగతి ఏ రికార్డులోనూ లేదు. అందుకని ప్రతి బడిలోనూ ఒక మాట అడుగు, “ఇక్కడ ఎప్పుడైనా కొద్దిలో తప్పిందా?” అని. హెడ్‌మాస్టర్లు చెప్పరు. ఆయమ్మ చెబుతుంది, వాచ్‌మన్ చెబుతాడు, గేటు బయట జామకాయలు అమ్మేవాళ్లు చెబుతారు. ఫారం మొత్తానికీ అదే గట్టి ప్రశ్న.

వాన గురించి ఇవన్నీ కూడా అడుగు. రెడ్ అలర్ట్ వచ్చిందని బడిలో ఎవరు చూస్తారు? వదలాలా ఉంచాలా అన్నది ఎవరు తేలుస్తారు, ఆయన సెలవులో ఉంటే ఎవరు? వదిలే ముందు బయటికి వెళ్లి చూసేదెవరు? రాత్రి ఎనిమిది దాకా పిల్లల్ని ఉంచాల్సి వస్తే తాగునీళ్లు, మరుగుదొడ్లు, వెలుతురు ఉన్నాయా? పై అంతస్తు గది తాళం ఎవరి దగ్గర? నడవలేని పిల్లలుంటే వాళ్ల క్లాసు ఎక్కడ పెట్టారు? బస్తీలో పాతకాపుల్ని పట్టుకుని 2000 ఆగస్టులో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో, 2020 అక్టోబరులో ఎక్కడి దాకా వచ్చాయో గోడ మీద చూపించమను. 2020లో గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు కరోనా వల్ల బడులు మూసి ఉన్నాయి. లేకపోతే ఏమయ్యేదో అని ఎవరూ మాట్లాడుకోరు. నేను మాత్రం అనుకుంటూనే ఉంటాను.

భూకంపం అంటే మనవాళ్లు నవ్వుతారు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర వచ్చింది హైదరాబాద్ దాకా తెలిసింది, ఏడున్నర కూడా కాలేదు కాబట్టి చాలా బడులు ఇంకా తెరవలేదు. బెంచీ కింద దూరమని నేర్పుతారు గానీ ఇద్దరు కూర్చునే మన డ్యూయల్ డెస్కు కింద ఏడో తరగతి పిల్లవాడు పడతాడా? ఒకణ్ణి దూరమని చూడు. బీరువాలు గోడకు బిగించారో లేదో చూడు. అంతే.

బస్సుల సంగతి. 2014 జూలైలో మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూల్ బస్సును రైలు గుద్దింది. అలాంటి గేట్లు ఇప్పుడు తీసేశారు, కానీ పిల్లల్ని కుక్కిన ఆటోలు అలాగే ఉన్నాయి. బస్సు ఎమర్జెన్సీ డోరు నువ్వే తెరిచి చూడు, ఏ పిల్లలు ఎక్కారో పేర్ల పట్టీ బస్సులో ఉందేమో అడుగు.

మాక్ డ్రిల్ ముందే చెప్పి చేయిస్తే కవాతులా ఉంటుంది. చెప్పకుండా, వీలైతే హెడ్‌మాస్టరు లేని రోజున చేయించు. కరెంటు లేనప్పుడు ఎలక్ట్రిక్ బెల్ మోగదు, మరి ఏం కొడతారు? పాత బడుల్లో వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఉంటే ఆ బడికి నా తరఫున రెండు మార్కులు వెయ్యి. బయటికొచ్చాక పేర్లు పిలిచి లెక్క చూసుకున్నారా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం.

మార్కులంటే గుర్తొచ్చింది. అన్నీ కూడి వందకి ఎనభై అని రాయకు. పదో తరగతి పరీక్షలో లెక్కల్లో ఇరవై వచ్చి తెలుగులో తొంభై వస్తే పాస్ చేస్తామా? గేటు తాళం తెరుచుకోకపోతే ఆ బడి ఫెయిలే, మిగతావి ఎంత బాగున్నా.

కానీ మనిషిని ఫెయిల్ చేసినట్టు మాట్లాడకు. ఆ హెడ్‌మాస్టరు నెత్తిన భోజనాల లెక్క, సర్కారుకు పంపే బడి వివరాల యూడైస్ లెక్కలు, ఎన్నికల డ్యూటీ అన్నీ ఉంటాయి. టీచర్ల ముందు తప్పులు చదవకు. టీ ఇస్తే తాగు. వచ్చేముందు ఆ రోజే చేయగలిగినవి రెండు మూడు చెప్పి, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. మెట్ల కింద బెంచీలు ఎత్తించు, 112, 101, 108 నంబర్లు గోడ మీద పెద్దగా రాయించు. నివేదిక పైఆఫీసుకు ఇంగ్లీషులో ఎలాగూ పంపుతావు, ఆయమ్మకి కూడా అర్థమయ్యేలా తెలుగులో ఒక కాగితం బడికి ఇచ్చిరా.

ఇక నీ సంగతి. డాబాలు ఎక్కకు, పిట్టగోడలు పట్టుకుని వంగకు. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లుంటే స్కూటీ దించావో నా చేతిలో అయిపోతావు. గట్టి వాన పట్టుకుంటే ఆ పూట ఏ బడిలో ఉంటే అందులోనే ఉండిపో. ఫారం పక్కన పెట్టి గేటు దగ్గర కుర్చీ వేసుకుని పిల్లల్ని ఎలా పంపుతున్నారో చూడు. ముందు మీ అమ్మకి ఫోన్ చేసి ఎక్కడున్నావో చెప్పు, ఆ తర్వాత నాకు.

పెద్దమ్మ