సరిహద్దు దాటగానే మ్యాప్ ఖాళీ ఎందుకు?

ప్రశ్న: అమెరికా–కెనడా సరిహద్దు మీదున్న ఒక పల్లెటూరి పాత టోపో మ్యాప్ (నేల ఎత్తుపల్లాలు చూపేది) కొన్నాను. అమెరికా వైపు గుట్టలు, వాగులు, ఇళ్లు అన్నీ ఉన్నాయి కానీ హద్దు గీత దాటితే తెల్ల కాగితమే. పైగా అక్కడక్కడా ఊదా రంగు గీతలు. నకిలీది అంటగట్టారా?

జవాబు: టెన్షన్ పడకండి, ఈ రెండిటివల్ల అది నకిలీ అయిపోదు. ఆ మ్యాపులు వేసేది 1879లో ఏర్పడిన యూఎస్ జియలాజికల్ సర్వే అనే అమెరికా ప్రభుత్వ సంస్థ. వాళ్ల పని వాళ్ల దేశం వరకే కాబట్టి చాలా సరిహద్దు షీట్లలో అవతలి వైపు అలాగే వదిలేశారు. అటు భాగం కావాలంటే కెనడా షీటు వేరే తెచ్చుకోవాలి. అయితే కెనడా వాళ్లది ఎక్కువగా 1:50,000 స్కేలు, అమెరికా వాళ్లది 1:62,500 లేదా 1:24,000, అందుకని రెండూ పక్కపక్కన పెడితే రోడ్డు కూడా సరిగ్గా కలవదు.

ఇక ఊదా రంగు. నాకైతే మీ మ్యాప్‌లో అసలు విశేషం అదే. మామూలుగా కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) గోధుమ రంగులో, నీళ్లు నీలంలో, అడవి ఆకుపచ్చలో, కట్టడాలు నలుపులో ఉంటాయి. కొన్నేళ్లకి విమాన ఫోటోలు చూసి, చాలాసార్లు నేల మీదకి వెళ్లి సరిచూడకుండానే, కొత్త రోడ్లనీ ఇళ్లనీ ఊదాలో చేర్చేవాళ్లు. కింద కుడి మూలన సంవత్సరం పక్కనే ‘ఫోటోరివైజ్డ్’ అని ఇంకో సంవత్సరం ఉంటుంది చూడండి, ఆ రెండు సంవత్సరాల మధ్య ఊరు ఎటు పెరిగిందో మీ చేతిలోనే ఉంది.

నకిలీ అనుమానం ఇంకా పోకపోతే భూతద్దంతో ఒక కాంటూర్ గీత చూడండి. పాత ముద్రణలో ఒక్కో రంగుకి ఒక్కో సిరా, కాబట్టి గీత నిండుగా గోధుమ రంగులో కనపడాలి. రంగురంగుల చుక్కలు కలిసి గోధుమలా కనిపిస్తుంటే ఈమధ్య తీసిన కాపీ. పాత షీట్ల స్కాన్లు సర్వే వాళ్ల ‘టోపోవ్యూ’ సైట్లో ఉచితంగా దొరుకుతాయి, మీ షీటు పేరుతో వెతికి పోల్చుకోవచ్చు.

సరిహద్దు గీత మీద చిన్న గుర్తులు, నంబర్లు ఉంటే అవి హద్దురాళ్లు. 49వ అక్షాంశం అని అందరూ అంటారు కానీ, అప్పటి సర్వేయర్లు నక్షత్రాలు చూసి లెక్క కట్టి పాతిన ఆ గుర్తులే అసలు హద్దు. అందుకే గీత అక్షాంశానికి అటూ ఇటూ వంకరపోతుంది.

ఒక్క జాగ్రత్త: ఈ మ్యాప్‌లోని అక్షాంశ రేఖాంశాల్ని నేరుగా ఫోన్ జీపీఎస్‌లో కొట్టకండి. పాతవాటికి 1927 నాటి కొలతల ఆధారం వాడారు, పదుల మీటర్ల తేడా వస్తుంది.