డాక్టర్ సలహా: ఇంటర్వ్యూ అంటే గుండె దడ, ఫ్రెండ్ ఇచ్చిన టాబ్లెట్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఒక చిన్న ఉద్యోగం చేస్తూ ఇంకో మంచి ఉద్యోగం కోసం ట్రై చేస్తున్నాను. రిటెన్ టెస్టులు బాగానే దాటేస్తాను గానీ ఇంటర్వ్యూ అనేసరికి ముందు రోజు రాత్రి నుంచే నిద్ర పట్టదు, పొద్దున లేస్తూనే బాత్రూమ్‌కి ఒకటికి రెండు మూడు సార్లు పరిగెత్తాల్సి వస్తుంది. లోపలికి పిలిచేసరికి గుండె దడ, అరచేతులు తడి, నోరు పిడచకట్టుకుపోయి మాట రాదు, బాగా తెలిసిన ప్రశ్న అడిగినా మైండ్ బ్లాంక్. తీరా బయటికొచ్చి మెట్లు దిగుతుంటే జవాబులన్నీ గుర్తొస్తాయి. నా వణుకు వాళ్లకి కనిపించేస్తుందేమోనని ఇంకో భయం. నా ఫ్రెండ్ ఇలాంటప్పుడు ప్రొప్రనొలాల్ అనే మాత్ర వేసుకుంటాడట, దడ అస్సలు రాదట, నాక్కూడా కొన్ని మాత్రలు ఇచ్చాడు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఇన్‌హేలర్ వాడతాను. వచ్చే వారం పెద్ద ఇంటర్వ్యూ ఉంది. ఆ మాత్ర వేసుకోవచ్చా? అసలు ఈ టెన్షన్ పూర్తిగా పోయే మార్గం ఉందా డాక్టర్ గారూ?

జవాబు: ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం, మిగతాదంతా తర్వాత నిదానంగా మాట్లాడుకోవచ్చు. వేసుకోకండి. ఒక్కటి కూడా వద్దు, సగం విరిచి కూడా వద్దు.

ఎందుకో చెప్తాను. మనకి భయం వేసినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ గుండె మీద బీటా రిసెప్టర్లు అనేవాటి ద్వారా పనిచేసి దాన్ని వేగంగా కొట్టుకునేలా చేస్తుంది, ప్రొప్రనొలాల్ ఆ రిసెప్టర్లని మూసేస్తుంది కాబట్టి దడ, వణుకు తగ్గుతాయి, మీ ఫ్రెండ్ చెప్పింది అంతవరకూ నిజమే. కానీ అలాంటి రిసెప్టర్లే ఊపిరి గొట్టాల్లో కూడా ఉంటాయి, గొట్టాలు తెరుచుకుని ఉండటానికి అవి కావాలి. ఈ మందుకి గుండె, ఊపిరితిత్తులు అనే తేడా తెలీదు, రెండు చోట్లా మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఒక్క మాత్రతోనే గొట్టాలు బిగుసుకుపోయి ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది. ఇంకా ఘోరం ఏంటంటే, అప్పుడు ఆదుకోవాల్సిన మీ సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కూడా ఆ రిసెప్టర్ల మీదే పనిచేయాలి, అవి ముందే మూసుకుపోయి ఉంటే ఇన్‌హేలర్ కొట్టినా సరిగా పనిచేయకపోవచ్చు. చిన్నప్పటి ఉబ్బసమే కదా అనుకోకండి, ఇప్పటికీ ఇన్‌హేలర్ వాడుతున్నానంటున్నారు, అంటే అది పోలేదు.

మందు చెడ్డదని కాదు. 1960ల నుంచి వాడకంలో ఉంది, దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది, స్టేజీ ఎక్కే ముందు చేతులు వణికే కళాకారులకి డాక్టర్లు రాస్తుంటారు కూడా. కాకపోతే పల్స్ ముందే తక్కువ ఉన్నవాళ్లకి, బీపీ తక్కువ ఉన్నవాళ్లకి, హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకి (రక్తనాళం పూడుకుపోవడం కాదు, గుండెని కొట్టించే కరెంటు సంకేతాలకి అడ్డంకి), ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంట్లకి ఇది ఇబ్బందే (షుగర్ పడిపోతున్నప్పుడు దడ వచ్చి హెచ్చరిస్తుంది కదా, ఆ హెచ్చరికని ఇది దాచేస్తుంది). అందుకే ఇది అడిగి తెచ్చుకునే మందు కాదు, పరీక్ష చేసి రాసేది. మీ ఫ్రెండ్‌కి కూడా ఈ మాట చెప్పండి, ఆయనకి ఎవరు రాశారో, అసలు ఎవరైనా రాశారో లేదో. ఇది వద్దన్నారు కదా అని ఆల్ప్రాజొలామ్ లాంటి మత్తు మాత్ర వెతుక్కోకండి, అది భయంతో పాటు చురుకుదనాన్ని, జ్ఞాపకాన్ని కూడా మందగింపజేస్తుంది, పైగా అలవాటైపోతుంది.

ఇన్‌హేలర్ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. సాల్బుటమాల్ వల్ల కూడా చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని ఛాతీ పట్టేసినట్టుందని కంగారులో రెండు మూడు పఫ్‌లు కొట్టేసుకుంటే లోపలికెళ్లేసరికి వణుకు రెట్టింపవుతుంది. అలాగని నిజంగా పిల్లికూతలు, దగ్గు, ఆయాసం ఉంటే మానొద్దు, వాడండి, వణుకు కంటే ఊపిరి ముఖ్యం. ఏది ఉబ్బసమో ఏది కంగారో తేల్చుకోవడం కష్టంగా ఉంటే ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలిసి పీక్ ఫ్లో చూపించుకోండి, ఊపిరి ఎంత బలంగా బయటికి వదలగలుగుతున్నారో కొలిచే చిన్న గొట్టం లాంటి పరికరం అది. మీటర్ ఇంట్లో పెట్టుకుని బాగున్నప్పుడు మీ నంబర్ ఎంతో తెలుసుకుంటే అనుమానం వచ్చిన రోజు పోల్చి చూసుకోవచ్చు.

ఇక అసలు విషయం. టెన్షన్ పూర్తిగా పోవాలని అడిగారు. పోదు, పోనక్కర్లేదు కూడా. మీరు రాసిన ప్రతి లక్షణానికీ ఒంట్లో మామూలు కారణం ఉంది, ఒక్కటి కూడా జబ్బు కాదు. అపాయం అనిపించగానే పారిపోవడానికో ఎదురుతిరగడానికో ఒళ్లు సిద్ధమవుతుంది, 1915 ప్రాంతంలోనే వాల్టర్ కానన్ అనే ఆయన దీన్ని వివరించాడు. రక్తం కండరాలకి కావాలి కాబట్టి గుండె స్పీడు పెంచుతుంది, ఆ టైంలో అరుగుదల ముఖ్యం కాదు కాబట్టి లాలాజలం తగ్గిపోయి నోరు ఎండిపోతుంది, పెద్దపేగు కదలికలు పెరిగి బాత్రూమ్‌కి పరిగెత్తిస్తాయి, అరచేతుల్లో చెమట గ్రంథులు తెరుచుకుంటాయి. మైండ్ బ్లాంక్ అవడం కూడా అంతే. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ వల్ల ముందే నేర్చుకున్న విషయాన్ని ఆ క్షణంలో బయటికి తీయడం కష్టమవుతుంది. విషయం ఎక్కడికీ పోదు, అందుకే మీకు మెట్ల మీద అన్నీ గుర్తొస్తున్నాయి. అంటే మీ ప్రిపరేషన్ తక్కువ కాదు, దయచేసి ఇంకో పది పుస్తకాలు చదవడం మొదలుపెట్టకండి.

కొంచెం టెన్షన్ ఉంటేనే పని బాగా జరుగుతుందని యెర్క్స్, డాడ్సన్ అనే పరిశోధకులు 1908లోనే చెప్పారు, అప్పట్లో ఎలుకల మీద చేసిన ప్రయోగం అది, మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా దెబ్బే, మధ్యలో ఉండాలి. అందుకని ఇంటర్వ్యూ ముందు "కూల్‌గా ఉండు, కూల్‌గా ఉండు" అని మనసుకి చెప్పుకుంటూ కూర్చుంటే పెద్దగా పనిచేయదు, కొట్టుకుంటున్న గుండె మాట వినదు. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగం ఇవ్వబోయే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "నాకు ఎక్సైటింగ్‌గా ఉంది" అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. అర్థం చేసుకోదగ్గదే, దడ రెండింటిలోనూ ఒకటే, మనం దానికి పెట్టుకునే పేరే వేరు. మీరూ ఆ మాట బయటికి అని చూడండి, కాస్త సిగ్గుగా ఉంటే బాత్రూమ్‌లో అనుకోండి.

నా దగ్గరికి ఇలాంటి సమస్యతో వచ్చేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది వేరే. దడ వాళ్లని పాడుచేయదు, దడని కాపలా కాస్తూ కూర్చోవడం పాడుచేస్తుంది. ఎదుటివాళ్లు ప్రశ్న అడుగుతుంటే వీళ్లు లోపల ఒక సీసీ కెమెరా ఆన్ చేసుకుని చెయ్యి వణుకుతోందా, గొంతు పగిలిందా, మొహం ఎర్రబడిందా అని తమనే చూసుకుంటూ ఉంటారు, సగం బుర్ర అక్కడే ఖర్చయిపోతుంది, ప్రశ్న సగమే వినబడుతుంది, ఇక జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది? మీరు "వణుకు వాళ్లకి కనిపించేస్తుందేమో" అన్నారు చూడండి, మీ కేసులో నాకు ముఖ్యంగా కనిపించిన వాక్యం అదే.

కనిపించదండీ, మీరనుకున్నంత మాత్రం కనిపించదు. మన లోపల జరిగేది బయటికి ఎంత తెలుస్తుందో మనం బాగా ఎక్కువ అంచనా వేసుకుంటామని గిలోవిచ్, సవిట్‌స్కీ, మెడ్‌వెక్ అనే పరిశోధకులు 1998లో చూపించారు. ఆ తర్వాత 2003లో ఇంకో ప్రయోగం, ప్రసంగం ఇవ్వబోయేవాళ్లలో కొందరికి ముందే "మీ కంగారు వినేవాళ్లకి అంతగా తెలీదు" అని చెప్పారు, అంతే, ఆ మాట విన్నవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు. నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో మీ మాక్ ఇంటర్వ్యూ ఒకటి రికార్డ్ చేసుకోండి, చూసేముందు "ఎంత వణికాను" అని పదికి ఒక నంబర్ రాసుకుని అప్పుడు చూడండి, రెండింటికీ చాలా తేడా ఉంటుంది. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అయితే మీ బొమ్మ మీకు కనబడకుండా సెల్ఫ్ వ్యూ ఆపేయండి, అద్దం ముందు పెట్టుకుని ఇంటర్వ్యూ ఇవ్వం కదా.

లోపలికెళ్లాక ధ్యాస బయటికి తిప్పాలి. అడిగేవాళ్ల మాట చివరిదాకా వినండి, వాళ్లకి నిజంగా ఏం కావాలో పట్టుకోవడమే మీ పని. ప్రశ్న అయ్యాక రెండు సెకన్లు ఆగడం మీకు యుగంలా ఉంటుంది గానీ వాళ్లకి ఆలోచించి మాట్లాడే మనిషిలా కనిపిస్తారు. బ్లాంక్ అయితే "ఒక్క నిమిషం ఆలోచించి చెప్తాను" అనండి, లేదా ప్రశ్నని మీ మాటల్లో తిరిగి చెప్పి ఇదేనా అడిగింది అని కన్ఫర్మ్ చేసుకోండి, ఆ గ్యాప్‌లో మెదడుకి ఊపిరి తీసుకునే టైం దొరుకుతుంది. నీళ్లు దగ్గర పెట్టుకోండి, గుక్క తాగడంలో నామోషీ ఏం లేదు. తెలియనిది తెలియదనండి, తెలియనిదాన్ని తెలిసినట్టు లాగేవాళ్లనే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తొందరగా పట్టేస్తారు. చేతులు నడుం మీద పెట్టుకుని హీరోలా నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని వీడియోలు తిరుగుతుంటాయి, 2010లో ఒక చిన్న స్టడీ అలా చెప్పిన మాట నిజమే గానీ 2015లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో ఏ మార్పూ దొరకలేదు, దాని మీద టైం పెట్టకండి.

ఊపిరి మీద పెట్టండి. కానీ అందరూ చెప్పేలా "గట్టిగా లోతుగా పీల్చు" కాదు, కంగారులో గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అప్పుడు నిజంగానే ఏదో అయిపోతోందని ఇంకా భయపడతారు. ముక్కుతో మామూలుగా నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు నెమ్మదిగా వదలండి, నిమిషానికి ఆరు ఊపిర్లు వస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం వల్ల గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. దీన్ని ఇంటర్వ్యూ రోజే మొదలుపెడితే పనిచేయదు, ఈ రాత్రి నుంచే రోజూ ఐదు నిమిషాలు.

ప్రాక్టీస్ కూడా నోటితోనే చేయాలి, మనసులో కాదు. జవాబులు బట్టీ పట్టొద్దు, బట్టీ పట్టిన పేరాలో ఒక్క పదం జారితే మొత్తం కూలిపోతుంది. దాని బదులు మీ ఉద్యోగంలో నిజంగా జరిగిన ఓ ఐదారు సంఘటనలు తీసుకోండి, సమస్య ఏంటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది, ఇవి మాత్రం గుర్తుంటే చాలు, మాటలు ఆ పూటకి అవే వస్తాయి. ఇద్దరు తెలిసినవాళ్లని కూర్చోబెట్టి చెప్పండి, వాళ్లని మధ్యలో అడ్డుపడమనండి. నేను చేయించే ఇంకో పని ఉంది, రెండు అంతస్తులు మెట్లెక్కి గుండె కొట్టుకుంటుండగానే వెంటనే జవాబు చెప్పడం మొదలుపెట్టమంటాను, గుండె కొట్టుకుంటున్నా మాట వస్తుందని ఒంటికి అలవాటవ్వాలి. మీకు మెట్లెక్కితే ఆయాసం, పిల్లికూతలు వచ్చే అలవాటుంటే ఇది మీ డాక్టర్‌ని అడిగాకే.

నిద్ర గురించి పెద్దగా దిగులుపడకండి, ఒక్క రాత్రి సరిగా పట్టకపోయినా మర్నాడు అడ్రినలిన్ నడిపిస్తుంది, అంతకు ముందు రాత్రులు బాగా పడుకోండి చాలు. కాఫీ మాత్రం చూసుకోండి, అందులో కెఫిన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, ముందు రోజు మధ్యాహ్నం తర్వాత వద్దు, ఇంటర్వ్యూ పొద్దున రోజూ తాగేదానికంటే ఎక్కువ వద్దు, అలాగని రోజూ తాగేవాళ్లు ఆ రోజే పూర్తిగా మానేసినా తలనొప్పి వస్తుంది. బాత్రూమ్ గొడవకి ఓ గంట ముందు లేవండి, అంతే. అరచేతుల చెమట ఇంటర్వ్యూ లేని రోజుల్లో కూడా కారిపోతుంటే రాత్రిపూట పొడి చేతులకి రాసుకునే అల్యూమినియం క్లోరైడ్ లోషన్లు ఉన్నాయి, చర్మం డాక్టర్ రాస్తారు.

ఒక రక్తపరీక్ష చేయించుకోమంటాను, థైరాయిడ్, హిమోగ్లోబిన్. దడ, వణుకు, చెమట, విరేచనాలు, నిద్రలేమి ఇవన్నీ థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా వస్తాయి, మీకు ఇంటర్వ్యూ అప్పుడే వస్తున్నాయి కాబట్టి అది కాకపోవచ్చు, కానీ బరువు తగ్గుతున్నా, ఊరికే కూర్చున్నప్పుడు దడ వస్తున్నా చూపించుకోవాల్సిందే. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ఆగొద్దు, వెంటనే ఈసీజీ.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. ఇంటర్వ్యూలొక్కటేనా, లేక ఆఫీస్ మీటింగ్‌లో నోరు విప్పడం, కొత్తవాళ్లకి ఫోన్ చేయడం, నలుగురి ముందు తినడం కూడా ఇలాగే ఉంటుందా, వాటిని తప్పించుకు తిరుగుతున్నారా? ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలంగా అలా ఉంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు, దానికి ఆలోచనలని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, అవసరమైతే సైకియాట్రిస్ట్ వేరే రకం మందులు రాస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి వచ్చే వారం ఇంటర్వ్యూకి అందవు. ఆ ఇంటర్వ్యూని మాత్రం వాయిదా వేయకండి, ఒకసారి తప్పించుకుంటే వచ్చేసారి భయం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇన్‌హేలర్‌తో పాటు ఆ మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లి చూపించండి.