కంపెనీ ప్రకటన రాసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా వలస చట్టాలు అమలుచేసే ఐసీఈ సంస్థ దాడుల మీద మీ కంపెనీ నోరు విప్పాలా వద్దా అన్న నోట్ నిన్నే రాయమన్నారని తెలిసి సంతోషించాను. తటస్థ ఓటర్లు ఏమనుకుంటున్నారో ముందు కనుక్కోవాలన్న నీ ఆలోచన మంచిదే. కానీ అడిగే పద్ధతి జాగ్రత్త.

"వలస చట్టాలు గట్టిగా అమలు చేయాలా?" అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకు. సరిహద్దు సంగతి, నేరం రుజువైనవాళ్ల సంగతి, ఏళ్ల తరబడి ఇక్కడే పనిచేసి పన్ను కడుతున్నవాళ్ల సంగతి, మాస్కులు వేసుకొచ్చే ఏజెంట్ల సంగతి విడివిడిగా అడుగు. ఒకే మనిషి ఒక్కోదానికి ఒక్కోలా చెబుతాడు. అది తడబాటు కాదమ్మా, అతని అసలు అభిప్రాయం అదే. గాలప్ సర్వేలో వలసలు తగ్గించాలన్నవాళ్లు 2024లో 55 శాతం, 2025లో 30 శాతం. ఏడాదిలో మనుషుల విలువలు మారిపోయాయని నేననుకోను. సరిహద్దు దాటేవాళ్లు బాగా తగ్గారు, దాడులు పనిచేసే చోట్లకి వచ్చాయి. కళ్లముందు జరిగేది మారింది.

మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వినిపించేదాన్ని దీనికి లెక్కగా తీసుకోకు. కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక వాళ్ల టెన్షన్ నిజమే. కానీ వీసా మీద ఉన్నవాళ్లకీ, గ్రీన్‌కార్డువాళ్లకీ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు లేదు.

ఇక ప్రకటన. కంపెనీ తన పరిధిలోని విషయమే మాట్లాడాలి. 2018 జూన్‌లో సరిహద్దులో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేస్తున్నప్పుడు, ఆ పిల్లల్ని తరలించడానికి మా విమానాలు వాడొద్దని అమెరికన్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రభుత్వాన్ని కోరాయి. విమానాలు వాళ్లవి, కాబట్టి "మీకెందుకు?" అనడం కష్టం. అంతకుముందు ఏడాది, పదివేలమంది శరణార్థులకి ఉద్యోగాలిస్తామని స్టార్‌బక్స్ చెబితే, "మరి మన మాజీ సైనికుల సంగతేంటి?" అంటూ బాయ్‌కాట్ పిలుపులొచ్చాయి. మాజీ సైనికుల్నీ, వాళ్ల జీవిత భాగస్వాముల్నీ కలిపి పదివేలమందిని తీసుకుంటామని ఆ కంపెనీ 2013లోనే మాటిచ్చింది. ఆ కోపంలో అది చాలామంది చెవికెక్కలేదు. "మా సంగతేంటి?" అన్నదానికి జవాబు నీ మొదటి వాక్యాల్లోనే ఉండాలి.

అన్నిటికంటే నా మనసులో ఉన్నది మీ కార్మికుల గురించి. 2025 సెప్టెంబర్ 4న జార్జియాలో హ్యుందాయ్-ఎల్‌జీ బ్యాటరీ ప్లాంటు కడుతున్నచోట సుమారు 475 మందిని పట్టుకున్నారు. వాళ్లలో 300 మందికి పైగా కొరియన్లే. అలాంటి రోజు మీకూ వస్తే గేటు దగ్గర ఎవరు మాట్లాడాలి? వారెంటు మీద జడ్జి సంతకం ఉందో లేదో ఎవరు చూడాలి? లాయర్‌కి ఫోన్ ఎవరు చేయాలి, ఇళ్లకి కబురెవరు పంపాలి? ఇవి తేలకుండా పత్రికలకి ప్రకటన ఇవ్వడం న్యాయం కాదు. పైవాళ్లు ఎంత తొందరపెట్టినా నోట్ మొదటి పేజీలో ఇదే పెట్టు.

డ్రాఫ్ట్ అయ్యాక ముందు మీ నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్లకి చదివి వినిపించు. వాళ్లేమన్నారో రాసి, ఆ తర్వాత నాకు పంపు.

మామయ్య